నీ కుర్చీ, నీ ఓటు

ఆ ఉదయం ఆకాశం కొండల నడుముల దాకా దిగివచ్చింది. వాన కాదు, మంచూ కాదు, కంటికి ఆనని తుంపర. మూడు వారాలుగా అలాంటి ఆకాశం కోసమే చూస్తున్నాం. పొడిగాలిలో కొట్టంలో వేలాడే పొగాకు ముట్టుకుంటే పొడైపోతుంది. గాలిలో చెమ్మ చేరితే మెత్తబడి, చేతిలో పాత తోలులా వంగుతుంది. అలా పదునుకొచ్చిన రోజున ఎవరికి ఏ పనులున్నా పక్కన పెట్టి రావలసిందే. నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఆకాశం అందరికీ కనపడుతూనే ఉంది.

ఎనిమిదింటికల్లా నా తమ్ముడు రాయిస్ వచ్చాడు. అప్పటికి ఆరేళ్ళుగా అతను రాష్ట్ర శాసనసభలో మా కౌంటీ ప్రతినిధి. చలికాలం సమావేశాలు నడుస్తున్నాయి. శుక్రవారం సాయంత్రం రాజధాని నుంచి వచ్చి, సోమవారం తెల్లవారకముందే తిరిగి వెళ్ళేవాడు. ఆ శనివారం మాత్రం పాత కోటు, మోకాళ్ళ దగ్గర వెలిసిన ప్యాంటు వేసుకుని వచ్చి, పొయ్యిలో కట్టెలు ఎగదోశాడు. కాసేపటికి వాగు అవతలి చిన్న ఇంట్లోంచి నా కూతురు కొరీన్ వచ్చింది. నా భార్య నాడీన్ కాఫీ ఫ్లాస్కుతో ఆఖరున వచ్చింది.

ఆకు దూసే గది కొట్టం చివర ఉంది. పొడవాటి బల్ల, దాని మీదుగా ఉత్తరం వైపు కిటికీలు. ఆకులున్న కాడను బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తూ పోవాలి. మొదట నిలబడ్డవాళ్ళు అడుగాకు దూస్తారు, తరవాతివాళ్ళు నడిమాకు, ఆ తరవాత ఎర్రాకు, ఆఖరివాళ్ళు కొనాకు. రాయిస్, నేను, నాడీన్, కొరీన్. మా నాన్న పోయాక ఆ వరస మారలేదు.

కొరీన్ కౌంటీ కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీలో పనిచేసేది. వైవిధ్యం, సమానత్వం, అందరికీ చోటు అని తలుపు మీద రాసి ఉన్న గది తనది. ఆ గదిలో ఏం జరుగుతుందో మా లోయలో చాలామందికి తెలియదు. తెలుసని అనుకునేవాళ్ళు మాత్రం చాలామంది. ఆ ఏడు శాసనసభలో అలాంటి గదులన్నీ మూసెయ్యాలని బిల్లు పెట్టారు. చర్చిలో, దాణా కొట్లో, మంగలి కుర్చీలో అదే మాట. రాయిస్ ఆ బిల్లు మీద సంతకం పెట్టినవాళ్ళలో లేడు. వ్యతిరేకిస్తున్నానని కూడా ఎక్కడా అనలేదు.

మొదటి కాడలు బల్ల మీదుగా సాగాయి. రాయిస్ చేతిలోంచి వచ్చిన కాడకు రెండు అడుగాకులు అలాగే ఉండిపోయాయి. అది నా దగ్గరా, నాడీన్ దగ్గరా దాటిపోయి కొరీన్ చేతికి చేరింది.

"శాసనసభ్యులవారికి అడుగాకేదో మరుపొచ్చినట్టుంది," అంది తను.

"రాజధానిలో అన్నీ కొనాకులే తల్లీ," అన్నాడు రాయిస్. "పైన కూర్చుంటాయి. తూకానికి రావు."

నాడీన్ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు అయిపోయాక కొరీన్ అడిగింది, ఆ బిల్లు సంగతేమిటని. రాయిస్ తన కొడుకు టానర్ మాట ఎత్తాడు. మాకందరికీ తెలిసిన మాటే. టానర్ అదే కాలేజీలో చేరిన మొదటి వారం కొత్తగా చేరినవాళ్ళను ఒక వరసలో నిలబెట్టి, తెల్లవాళ్ళు ఒక అడుగు ముందుకెయ్యండి, మగవాళ్ళు ఇంకో అడుగు వెయ్యండి అన్నారట. ఎంత ముందుంటే పుట్టుకతో అంత అదృష్టవంతులని అర్థం. వాడి తల్లి క్యాన్సర్‌తో పోయి అప్పటికి నాలుగు నెలలు కాలేదు. వాళ్ళు ఉంటున్న ట్రైలరు ఇంటికి ఆ చలికాలం సగం రోజులు వేడి లేదు. వాడు రెండడుగులు ముందుకేసి, అక్కణ్ణించి అలాగే నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు రోడ్ల పక్కన ఇనప కంచెలు బిగించే పని చేస్తున్నాడు.

కొరీన్ ఓపిగ్గానే చెప్పింది. అది బయటినుంచి వచ్చిన కంపెనీవాళ్ళు చేయించిన ఆట, తను చేరకముందు సంగతి, తను చేరాక మొదట ఆపించింది దాన్నే. తన గదికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఇలాంటి లోయల్లోంచి వచ్చిన తెల్లపిల్లలే, ఇంట్లో ముందెవరూ కాలేజీ మొహం చూడనివాళ్ళు. మిగతావాళ్ళు పట్నంలో నల్లవాళ్ళు, మా దగ్గరే పొగాకు కొయ్యడానికి వచ్చే మెక్సికోవాళ్ళ పిల్లలు. ఎవరికి ఏ కాగితం కావాలో, ఎవరికి బస్సు అందదో, ఎవరు చలికోటు లేక ఉదయం క్లాసు ఎగ్గొడుతున్నారో చూడ్డమే తన పని.

"మరి తలుపు మీద ఆ పేరెందుకు?" అన్నాడు రాయిస్.

"పేరు మార్చమని రాయి చిన్నాన్నా. పని తియ్యకు."

"పేరునీ పనినీ విడదీసి రాయడం చట్టాలు రాసేవాళ్ళకు రాదమ్మా. నాకూ రాదు."

తరవాత ఆకు గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరూ గొంతు పెంచలేదు. అందుకే నాకు ఇంకా బరువుగా అనిపించింది.

మధ్యాహ్నానికి ఆడవాళ్ళిద్దరూ ఇంట్లోకి వెళ్ళారు. నేనూ రాయిసూ మిగిలాం. నేను మూడు చోట్లా నిలబడి నడిమాకూ ఎర్రాకూ కొనాకూ దూస్తున్నాను. అతను కొత్త కాడ అందుకుని, దూయకుండా చేతిలోనే పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"అన్నా, నువ్వు వద్దంటే నేను ఆ బిల్లుకు ఓటెయ్యను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా లోయలో ఒకరి ఓటు ఇంకొకరు అడగరు, చెప్పరు. మా నాన్న యాభై ఏళ్ళు ఎవరికి ఓటేశాడో మా అమ్మకు తెలియదు. ఎన్నికల రోజున ఇద్దరూ ఒకే బండిలో వెళ్ళి, వాతావరణం గురించి మాట్లాడుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. ఒకరి పొలం గేటు అడక్కుండా తీసి లోపలికి వెళ్ళకపోవడం ఎంత మర్యాదో, ఇదీ అంతే. రాయిస్ ఆ మాట అడిగినప్పుడు, నలుగురి మధ్య బట్టలు సరిగా లేని మనిషిని చూసినట్టయింది నాకు. అతని సిగ్గు కాపాడ్డానికి తల దించుకున్నాను. అప్పుడు అలాగే అనుకున్నాను.

టానర్ గుర్తొచ్చాడు. కొరీన్ గుర్తొచ్చింది. ఇద్దరిదీ నిజమే అనిపించింది. ఇద్దరిదీ నిజమైనప్పుడు మాట్లాడ్డం నా వల్ల అయ్యే పని కాదు.

"నీ కుర్చీ, నీ ఓటు," అన్నాను.

పొయ్యిలో కట్టె విరిగి పడింది. రాయిస్ కాడ తిప్పి అడుగాకు దూసి నాకు అందించాడు. ఆ రోజు మిగిలిన కాడల్లో ఒక్క ఆకు కూడా వదల్లేదు.

మార్చి రెండో వారంలో బిల్లు గెలిచింది. నేను గొడ్ల కొట్టంలోంచి వచ్చేసరికి కొరీన్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఫోన్ బోర్లా పెట్టుకుని. నాడీన్ బంగాళాదుంపలు వేయిస్తోంది. నాడీన్ వెనక్కి తిరక్కుండానే చెప్పింది, రాయిస్ అవునని వేశాడని. నేను చేతులు కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

ఆ రాత్రి పడుకోబోయే ముందు నాడీన్ నన్ను రాయిస్‌కు ఫోన్ చెయ్యమంది. ఏమని చెయ్యాలి అన్నాను. పెద్దవాడివి నువ్వు, ఏదో ఒకటి అను, అంది. నేను లైటు తీసేశాను. మళ్ళీ తను ఆ మాట ఎత్తలేదు. ఆ తరవాత మూడు ఆదివారాలు చర్చిలో రాయిస్ మాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. బయటికి వచ్చేటప్పుడు చేతులు కలుపుకున్నాం. నారుమళ్ళకు వేడి చాలుతోందా అని అతను అడిగాడు. చాలుతోందన్నాను.

ఏప్రిల్ ఆఖరున, సామాను తెచ్చుకోవాలి, బండి తీసుకురమ్మని కొరీన్ అడిగింది. వెళ్ళాను. తలుపు మీది అక్షరాలు అప్పటికే గీకేశారు. గీకిన చోట కొత్త రంగు వెయ్యలేదు గనక, ఏం రాసి ఉండేదో ఇంకా చదవొచ్చు. లోపల రెండు కుర్చీలు, ఒక కాఫీ గిన్నె, గోడకు పొడుగునా ఒక ఇనప కొక్కేల పట్టీ. దానికి పదిహేను, పదహారు చలికోట్లు వేలాడుతున్నాయి. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుని, వసంతంలో తెచ్చి తగిలించి పోయేవాళ్ళట.

కాలేజీ డీన్, ఒక పెద్దావిడ, వచ్చింది. మంచి మనిషే. చేతిలో జాబితా పట్టుకుని ఏది ఉండొచ్చో ఏది ఉండకూడదో నెమ్మదిగా చదివింది. కోట్ల దగ్గర ఆగింది. అవి జాబితాలో లేవు.

"ఇవి ఎవరికైనా ఇస్తాం కదండీ," అంది కొరీన్. "ఒంటి రంగు అడిగి ఇవ్వలేదు."

"తెలుసమ్మా. కానీ ఈ గదిలో ఉన్నాయి కదా. వకీళ్ళు ఏ సంగతో తేల్చేదాకా..." ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక పక్క కోట్లు తనే తీసి నా చేతుల మీద వేసింది.

రెండోసారి మోసుకెళ్ళబోతుంటే తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. పేరు డార్లీన్ అని కొరీన్ పిలిచినప్పుడు తెలిసింది. పట్నంలో బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక నర్సు చదువుకు చేరిన మనిషి. చేతిలో ఏదో కాగితం. వచ్చే టర్ములో సాయంత్రం క్లాసు దొరక్కపోతే చదువు మానుకోవాలి, పగలు పని ఉంది. ఇక మీదట ఎవరిని అడగాలని కొరీన్‌ను అడిగింది.

కొరీన్ ఒక చీటీ మీద మూడు గదుల నంబర్లు రాసింది. ముందు ఇక్కడికి, వాళ్ళు సంతకం పెడితే ఇక్కడికి, ఆ తరవాత ఇక్కడికి, అని వేలితో చూపించింది.

"మూడు చోట్లా?" అంది డార్లీన్. "మూడూ అయిదింటికి మూసేస్తారు కదమ్మా. నేను పని దిగేదే అయిదింటికి."

"ఇన్నాళ్ళూ ఆ మూడు చోట్లకీ నేను తిరిగేదాన్ని," అంది కొరీన్.

డార్లీన్ చీటీని రెండుసార్లు చదివింది. మంచిదమ్మా అని వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగడం కిటికీలోంచి చూశాను. నాలుగో మెట్టు మీద ఆగి, చీటీ మళ్ళీ చూసి, పర్సులో పెట్టుకుంది.

కోట్లు బండి వెనక వేసి, నారు మీద కప్పే గుడ్డ కప్పి, తాడు కట్టాను. వచ్చేటప్పుడు, వంతెన దాటాక, కొరీన్ చెప్పింది. కాలేజీవాళ్ళు తనను పొమ్మనలేదు. పరీక్షల తేదీలు వేసే గదిలో ఒక బల్ల ఇస్తామన్నారు. డేటన్ పట్నంలో ఒక ఆస్పత్రిలో కూడా పని ఉందట, వాళ్ళు ఎప్పుడు వస్తావని అడుగుతున్నారట. డేటన్ అంటే ఒహాయో. నది దాటి మూడు గంటల దారి. వాగు అవతలి ఇల్లు తను కట్టుకుని మూడేళ్ళు కాలేదు. నా తరవాత ఆ పొలం తనది అని ఎవరం నోటితో అనుకోలేదు గాని, కొట్టం కప్పుకు కొత్త రేకులు వేయించినప్పుడు రంగు తనే ఎంచింది.

"ఇక్కడ ఉండిపోదామనే ఉంది నాన్నా," అంది. "ఇక్కడ నేను ఒక్కదాన్నే కదా అని అనిపించకపోతే."

నేను రోడ్డు చూస్తున్నాను. ఆ వేళ చెప్పొచ్చు, రాయిస్ నన్ను అడిగాడని. చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత సులువంటే, బండి దానంతటదే నడిచినట్టు ఉంది.

మే ఇరవయ్యో తారీఖు దాటాక నాట్లు. మాది పాత యంత్రం. ట్రాక్టరు వెనక నేలకు జానెడెత్తులో రెండు కుర్చీలు పక్కపక్కన ఉంటాయి. ఒళ్ళో నారు పెట్టుకుని ఇద్దరు కూర్చుంటారు. ఎదురుగా తిరిగే చక్రానికి రబ్బరు పట్టులు. ఒక పట్టులో ఒకరు మొక్క పెడితే తరవాతి దాంట్లో రెండోవాళ్ళు పెట్టాలి. టక్కుమన్నప్పుడల్లా ఒక మొక్క నేలలోకి దిగి, వేరు మీద గుక్కెడు నీళ్ళు పడతాయి. ఒకరు ఒక్క క్షణం ఏమరినా సాలులో ఖాళీ పడుతుంది. రాయిస్‌ది ఎడమచేతివాటం. కొరీన్‌ది కుడి. మోచేతులు తగలవు. తనకు పదకొండేళ్ళప్పటి నుంచి వాళ్ళిద్దరే జత. ట్రాక్టరు నడిపే నా వెనక వాళ్ళు ఎప్పుడూ వాదించుకుంటూనో, ఎవరినో వెక్కిరిస్తూనో ఉండేవాళ్ళు. ఇంజను మోతలో మాటలు తెలియవు గాని నవ్వు తెలిసేది.

ఆ ఏడు రాయిస్ వస్తాడా అని నాడీన్ అడిగింది. వస్తాడన్నాను. నాట్లకు రాకపోవడం మా దగ్గర లేదు. ఆస్తి తగాదా కోర్టులో నడుస్తుండగా పక్కపక్కన కూర్చుని నాటిన అన్నదమ్ములు నాకు తెలుసు. ఏడింటికి వచ్చాడు. కొరీన్ అప్పటికే కుర్చీలో కూర్చుని నారు సర్దుకుంటోంది. అతను టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. తను మోకాలు కొంచెం జరుపుకుంది, చోటు కోసం.

రెండు సాళ్ళు నాటాం. వెనక నుంచి టక్, టక్ తప్ప ఏమీ వినపడలేదు. సాలు చివర దిగి, ఖాళీలు ఎన్ని పడ్డాయో చూద్దామని వెనక్కి నడిచాను. ఒక్కటీ లేదు. ఎన్నడూ అలా లేదు. అన్ని మొక్కలూ ఒకే దూరంలో, ఒకే నిటారుగా.

మూడో సాలు చివర నీళ్ళు నింపడానికి ఇంజను ఆపాను. ఆ నిశ్శబ్దంలో కొరీన్ అడిగింది, మామూలు గొంతుతోనే.

"చిన్నాన్నా, నువ్వు వెయ్యకపోయినా అది గెలిచేదే. ముప్పై ఓట్ల తేడా. మరెందుకు వేశావు?"

"నన్ను అక్కడికి పంపినవాళ్ళు వెయ్యమన్నారు."

"ఆ పంపినవాళ్ళలో నేను లేనా?"

రాయిస్ ఒళ్ళో నారు మీద మట్టి దులిపాడు. "ఉన్నావు. అందుకే మీ నాన్నను అడిగాను. వద్దంటే వెయ్యనన్నాను."

నేను గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాను. కొరీన్ నా వైపు తిరిగింది. కోపం లేదు. దూరంగా ఉన్న బోర్డు మీద ఊరి పేరు చదవడానికి చూసినట్టు చూసింది.

"నువ్వేమన్నావు నాన్నా?"

"నీ కుర్చీ, నీ ఓటు అన్నాను."

"అంతేనా?"

"అంతే."

తల ఊపింది. ఒళ్ళో ఉన్న మొక్కల వేళ్ళన్నీ ఒకవైపుకు సర్దుకుంది. వాగు అవతల ఎవరిదో కుక్క రెండుసార్లు మొరిగి ఊరుకుంది.

"నీళ్ళు నింపండి," అంది కొరీన్. "నారు వాడిపోతోంది."

నింపాను. మధ్యాహ్నం దాకా ఇంకా తొమ్మిది సాళ్ళు నాటాం. ఆఖరి సాలు అయ్యాక, చేతులు కడుక్కునేటప్పుడు తను వాళ్ళమ్మతో అంది, డేటన్ వాళ్ళకు జూన్ పదిహేనున వస్తానని ఉత్తరం పంపుతున్నానని. ఎవరికి వినపడాలో వాళ్ళందరికీ వినపడేలాగే అంది. నాడీన్ తువాలు అందించింది. నా వైపు చూసింది. అప్పటికి తనకు ఏమీ తెలియదు, అయినా చూసింది.

బల్ల మీద కుండెడు పింటో చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె, వేడి పందికొవ్వు పోసి మెత్తబెట్టిన లెట్యూస్ ఆకు, పచ్చి ఉల్లికాడలు, మజ్జిగ. నలుగురం కూర్చుని తలలు వంచాం. మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన రాయిస్‌ది. అతను వచ్చిన రోజున ఇంకెవరూ చెప్పరు. కళ్ళు మూసుకుని ఉన్నాం. అతను మొదలుపెట్టలేదు. నా ఇల్లు గనక నేను చెప్పాలి. గోడ గడియారం వినపడుతోంది. నేను నోరు తెరిచాను గాని మాట రాలేదు. నాడీన్ గరిటె తీసుకుంటే, ఆ చప్పుడుకు తలలెత్తాం.

కొరీన్ రొట్టె విరిచింది. ఒక ముక్క రాయిస్ పళ్ళెంలో పెట్టింది, ఒకటి వాళ్ళమ్మకు ఇచ్చింది. తరవాత రొట్టె పళ్ళెం నా ముందుకు జరిపింది. నేను నా ముక్క విరుచుకున్నాను. తిన్నాం.